రక్తం చేరని చోటికి మొక్కల రసాయనాలు చేరతాయా?

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి నిర్వాహకులు పెట్టిన పేరులో ఒక మాటతో నాకు పేచీ ఉంది. "వెన్ను డిస్కు కణాలను ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కాపాడే మొక్కల యాంటీ ఆక్సిడెంట్లు" అన్నది ఆ పేరు. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు అదుపుతప్పి కణాన్ని దెబ్బతీయడం; వాటిని చల్లార్చేవి యాంటీ ఆక్సిడెంట్లు. డిస్కులో కణాలున్నాయి, వాటి మీద ఆక్సీకరణ ఒత్తిడి ఉంది, మొక్కల్లోని కొన్ని రసాయనాలు ఆ కణాలను కాపాడినట్టు ప్రయోగశాలల్లో చాలాసార్లు కనిపించింది. ఇందులో దేన్నీ నేను కాదనను. కానీ అవి కాపాడుతున్నది ప్రధానంగా యాంటీ ఆక్సిడెంట్లుగా పనిచేసి కాదు. వాటి అసలు పని వేరు. అదేమిటో తెలిస్తే, ఇవి ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ ఆశ పెట్టుకోకూడదో కూడా తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది అంతే. అయితే అక్కడికి వెళ్లడానికి డిస్కు లోపలి నుంచి నడవాలి.

మనిషి వెన్నెముకలో, వెన్నుపూసల మధ్య మెత్తల్లా, 23 డిస్కులు ఉంటాయి. పడుచు వయసులోని డిస్కును అడ్డంగా కోసి చూస్తే చుట్టూ ఉల్లిపొరల్లా అమరిన పీచు వలయం కనిపిస్తుంది, దాన్ని యాన్యులస్ ఫైబ్రోసస్ అంటారు. మధ్యలో తెల్లగా, తడిగా మెరుస్తూ, కోసిన మరుక్షణం పైకి ఉబికి వచ్చే జిగురు ముద్ద ఉంటుంది, అది న్యూక్లియస్ పల్పోసస్. ఆ ముద్దలో ఐదింట నాలుగు వంతుల పైగా నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది ఆగ్రెకాన్ అనే ప్రోటియోగ్లైకాన్, అంటే చక్కెర గొలుసులు అతికిన ప్రొటీన్. దాని పొడుగాటి గొలుసుల నిండా రుణావేశం ఉంటుంది. ఆ ఆవేశం సోడియం అయాన్లను లాక్కుంటుంది, సోడియం వెంట నీరు వస్తుంది. అందుకే ఇంత మెత్తని ముద్ద అంత బరువు మోయగలుగుతుంది. 1999లో ఒక వ్యక్తి నడుము డిస్కులో సూక్ష్మమైన పీడన మాపకాన్ని ఉంచి కొలిచినప్పుడు, పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడినప్పుడు 0.5, నడుము వంచి 20 కిలోల బరువెత్తినప్పుడు 2.3 వచ్చింది. ఊరికే నిలబడినప్పుడు ఉండే ఆ 0.5 కూడా కారు టైరులో గాలి ఒత్తిడికి రెట్టింపు పైమాటే. పగలంతా ఈ ఒత్తిడికి నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక తిరిగి చేరుతుంది. ఉదయం లేవగానే కొలిస్తే మన ఎత్తు సాయంత్రం కంటే ఒకటి, రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేది ఇందువల్లే.

ఇంత పనిచేసే కణజాలంలో కణాలు ఉన్నది మాత్రం ఘనపరిమాణంలో సుమారు 1 శాతం. మిగతాదంతా ఆ కొద్దిపాటి కణాలు నేసిన వలే. ఆ కణాలు బతికే చోటు గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: అక్కడ రక్తనాళాలు లేవు. మన శరీరంలో రక్తనాళాలు లేని కణజాలాల్లో డిస్కే పెద్దది. పెద్దవాళ్ల నడుము డిస్కు నడిమధ్యనున్న కణానికి దగ్గరి కేశనాళిక 7, 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కండరంలో ఈ దూరాన్ని మైక్రోమీటర్లలో చెప్పుకుంటాం. వెన్నుపూసలోని రక్తం నుంచి గ్లూకోజ్, ఆక్సిజన్ డిస్కుకూ వెన్నుపూసకూ మధ్యనున్న మృదులాస్థి పలకల గుండా మెల్లగా ఇంకుతూ రావాలి. కణం వదిలిన లాక్టిక్ ఆమ్లం అదే దారిన మెల్లగా పోవాలి. అందువల్ల నడిమధ్యలో ఆక్సిజన్ చాలా తక్కువ, గ్లూకోజ్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ. ఈ కణాలు ఆ కరువుకు అలవాటుపడ్డాయి. వాటి శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విరిచే గ్లైకోలిసిస్ నుంచే వస్తుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ఆక్సిజనే అంతంత మాత్రంగా ఉన్నచోట ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కడిది? నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇదే ప్రశ్న అడిగితే సరైన జవాబు దొరకలేదు. జవాబు రెండు భాగాలుగా ఉంది. మొదటిది, ఆక్సిజన్ తక్కువైనా కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పూర్తిగా నిద్రపోవు. పోషకాలు తగ్గి, ఆమ్లం పెరిగి, వాటి పనితీరు దెబ్బతిన్నకొద్దీ ఎలక్ట్రాన్లు దారితప్పి ఆక్సిజన్‌కు అంటుకుని సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన అణువు పుడుతుంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్ ఇనుము వంటి లోహపు అయాన్ల దగ్గరికి చేరితే హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది, అది తగిలిన దాన్నల్లా పాడుచేస్తుంది. రెండో భాగం ఇంకా ఆసక్తికరమైనది. డిస్కు క్షీణించి పీచు వలయంలో పగుళ్లు వచ్చాక ఆ పగుళ్ల వెంట కొత్త రక్తనాళాలు, వాటితోపాటు నరాల కొసలు లోపలికి పాకుతాయి, వాపు కణాలు వస్తాయి. కరువుకు అలవాటుపడిన కణాల ముంగిటికి ఆక్సిజన్ వరదలా వస్తుంది. మనం సహాయమనుకునే రక్తం ఆ కణాలకు సహాయం కాదు.

తరువాత జరిగేది ఒక విషవలయం. పెరాక్సైడ్ పెరిగిన కణంలో మైటోకాండ్రియా పొర చిల్లులుపడి సైటోక్రోమ్ సి బయటికి కారుతుంది, కాస్పేజ్ ఎంజైములు మేల్కొని కణం తనను తాను ముగించుకుంటుంది. చావని కణాలు కొన్ని ముసలివైపోతాయి. పీ53, పీ16 వంటి ప్రొటీన్లు పెరిగి విభజన శాశ్వతంగా ఆగిపోతుంది. ముసలి కణం ఊరుకుంటే బాగుండేది. కానీ అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి వాపు సంకేతాలను, కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంఎంపీ-13, ఆగ్రెకాన్‌ను తెగ్గొట్టే అడామ్‌టీఎస్-4, అడామ్‌టీఎస్-5 ఎంజైములను చుట్టూ వదులుతూనే ఉంటుంది. ఆగ్రెకాన్ తెగితే నీరు నిలవదు, నీరు లేకపోతే బరువు సమంగా పడదు, బరువు వంకరగా పడిన కణాల్లో మళ్లీ సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. వయసుమళ్లిన డిస్కును కోసి చూస్తే ఆ మెరుపు ఉండదు. ముద్ద ఎండి, పీచుపీచుగా, పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ రంగు దశాబ్దాల తరబడి మారకుండా ఉన్న కొల్లాజెన్‌కు చక్కెరలు అంటుకోవడం వల్ల వస్తుంది. రొట్టె పైపొర ఎర్రబడేటప్పుడు జరిగే రసాయన చర్య కూడా ఈ కుటుంబానిదే. కాకపోతే పొయ్యి మీద నిమిషాల్లో అయ్యేది ఇక్కడ శరీర వేడిలో కొన్ని దశాబ్దాలు తీసుకుంటుంది.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. డిస్కు కణాల మీద పరీక్షించినవాటిలో తరచుగా వినిపించే పేర్లు పసుపులోని కర్కుమిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, ఉల్లిలోని క్వెర్సెటిన్, బ్రకోలీ జాతి మొక్కల నుంచి వచ్చే సల్ఫొరాఫేన్. పరీక్షనాళికలో వీటిలో చాలావాటికి, జతలేని ఎలక్ట్రాన్‌తో తిరిగే ఫ్రీ రాడికల్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి చల్లార్చే గుణం ఉంది. యాంటీ ఆక్సిడెంట్ అన్న బిరుదు అక్కడి నుంచే వచ్చింది. అయితే ఒక్కసారి లెక్క వేసి చూడండి. మన కణాలు సొంతంగా తయారుచేసుకుని నిల్వ ఉంచుకునే గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ సాంద్రత మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. కర్కుమిన్, ఈజీసీజీ వంటి మొక్కల పాలీఫినాళ్లు తిన్న తర్వాత రక్తంలో చేరే సాంద్రత సాధారణంగా ఒక మైక్రోమోలార్ కంటే తక్కువ. అంటే కనీసం వెయ్యి రెట్ల తేడా. పైగా ఒక పాలీఫినాల్ అణువు ఒకటి రెండు రాడికళ్లను చల్లార్చి తానూ ఖర్చైపోతుంది. ఒక్క కాటలేజ్ ఎంజైమ్ అణువు సెకనుకు లక్షల కొద్దీ పెరాక్సైడ్ అణువులను విరగ్గొట్టి మళ్లీ పనికి సిద్ధంగా ఉంటుంది. చెరువు పక్కన చెంబు పెట్టి, ఊరికి నీళ్లిచ్చేది చెంబే అన్నట్టుంది ఈ వాదన.

మరి కణాలు బతకడం నిజమే కదా, అదెలా? ఇక్కడ సల్ఫొరాఫేన్ కథ చాలా తేటగా ఉంటుంది. దీన్ని 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం బ్రకోలీ నుంచి వేరుచేసింది. వాళ్లు వెతికింది రాడికళ్లను చల్లార్చే పదార్థం కోసం కాదు, కణంలోని రక్షక ఎంజైములను పెంచే పదార్థం కోసం. నిజానికి సల్ఫొరాఫేన్‌కు నేరుగా రాడికల్‌ను చల్లార్చే శక్తి లేదనే చెప్పాలి. అది ఎలక్ట్రాన్లు ఇచ్చేది కాదు, ఎలక్ట్రాన్ల కోసం వెతుక్కునేది. రసాయన స్వభావం చూస్తే కణానికి అది ఒక చిన్నపాటి విషం.

కణద్రవంలో కీప్1 అనే ప్రొటీన్ ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుని విధ్వంసానికి అప్పగించడం దాని నిత్యకృత్యం. అందుకే మామూలుగా ఎన్‌ఆర్‌ఎఫ్2 పుట్టిన కాసేపటికే, సుమారు 20 నిమిషాల్లోనే, సగానికి సగం తరిగిపోతుంది. కీప్1 మీద గంధకం ఉన్న సిస్టీన్ అమైనో ఆమ్లాలు కొన్ని బయటికి పొడుచుకుని ఉంటాయి, ముఖ్యంగా 151వ స్థానంలో ఉన్నది. సల్ఫొరాఫేన్ వచ్చి ఆ గంధకానికి అంటుకుంటుంది. కీప్1 పట్టు సడలి, కొత్తగా పుట్టిన ఎన్‌ఆర్‌ఎఫ్2 అప్పగింతకు చిక్కకుండా కణకేంద్రకంలోకి వెళ్లి రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. గ్లూటాథయోన్ తయారుచేసే ఎంజైములు, హీమ్ ఆక్సిజనేజ్-1, ఎన్‌క్యూఓ1, థయోరెడాక్సిన్ రిడక్టేజ్ వంటివి పెరుగుతాయి. సల్ఫొరాఫేన్ వెళ్లిపోయిన చాలా గంటల తర్వాత కూడా ఆ ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. అంటే మొక్క రసాయనం కణాన్ని కాపాడలేదు, కణాన్ని కంగారుపెట్టింది. కాపాడుకున్నది కణమే. నాకు తెలిసినంతలో ఈ అణువుల గురించి చెప్పుకోదగ్గ అసలు విషయం ఇదే. సీసాల మీద అచ్చయ్యే మాట దీనికి దాదాపు తలకిందులు.

కర్కుమిన్, ఈజీసీజీల దారి కూడా చాలావరకు ఇదే. ఈజీసీజీ ముందు తాను ఆక్సీకరణ చెంది క్వినోన్‌గా మారి, ఆ రూపంలో సిస్టీన్లకు అంటుకోగలదు. డిస్కు కణాల మీద జరిగిన పనిలో ఎన్‌ఆర్‌ఎఫ్2తో పాటు మరో రెండు విషయాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, వాపు జన్యువులను నడిపే ఎన్‌ఎఫ్ కప్పా బీ మార్గం నెమ్మదించి, ఎంఎంపీలు, అడామ్‌టీఎస్‌లు తగ్గడం. రెండోది ఆటోఫాజీ, అంటే పాడైన మైటోకాండ్రియాల వంటి తన భాగాలను కణం తానే చుట్టగట్టి కరిగించుకోవడం. సూపర్ ఆక్సైడ్ కారుతున్న మైటోకాండ్రియానే తీసేస్తే, కారినదాన్ని తుడవాల్సిన అవసరమే తగ్గుతుంది. రెస్వెరట్రాల్ సర్ట్1 అనే ఎంజైమ్ ద్వారా పనిచేస్తుందని 2003 నుంచి చెబుతున్నారు. అది నేరుగా తగులుతుందా, చుట్టుతిరిగి తగులుతుందా అన్న దాని మీద పెద్ద వివాదమే నడిచింది. దానిలోకి ఇప్పుడు వెళ్లను.

ఈ ఫలితాలు ఎలా వస్తాయో చూడకపోతే వాటి బరువు తెలియదు. శస్త్రచికిత్సలో తీసేసిన డిస్కు ముక్క నుంచో, ఎలుక తోక నుంచో కణాలను వేరుచేసి, గులాబీ రంగు పోషక ద్రవంలో పళ్లెంలో పెంచుతారు. ఒక పళ్లెంలో మొక్క రసాయనం 10, 20 మైక్రోమోలార్ వేస్తారు, మరో దాంట్లో వేయరు. కొన్ని గంటల తర్వాత రెండింటిలోనూ హైడ్రజన్ పెరాక్సైడ్ వందల మైక్రోమోలార్ పోసి, మరునాడు ఎన్ని బతికాయో లెక్కపెడతారు. రసాయనం వేసిన పళ్లెంలో ఎక్కువ బతుకుతాయి. ప్రయోగం తప్పు కాదు, కానీ డిస్కుకూ దీనికీ పోలిక తక్కువ. ఆ పళ్లెం మీదున్న గాలిలో దాదాపు 20 శాతం ఆక్సిజన్. డిస్కు నడిమధ్యలో దానిలో చిన్న భాగమే. ఆ ద్రవంలో గ్లూకోజ్ పుష్కలం. శరీరంలోని కణంలో పెరాక్సైడ్ నానోమోలార్‌లలో, ఏళ్ల తరబడి నలుపుతుంది. ఇక్కడ దానికి వేల రెట్లు ఒక్కపూటలో గుమ్మరిస్తాం.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో ఈజీసీజీ కలిపిన పళ్లేలను సాయంత్రం ఇంక్యుబేటర్‌లో పెట్టి వెళ్లాను. పొద్దున చూస్తే ద్రవం గోధుమ రంగులోకి తిరిగింది. కణాలే ఏదో చేశాయనుకుని సంబరపడ్డాను. అనుమానం వచ్చి కణాలు లేని ఖాళీ పళ్లెంలో అదే ద్రవం, అదే ఈజీసీజీ కలిపి చూస్తే అదీ అలాగే రంగు తిరిగింది. పరీక్షిస్తే ఆ ద్రవంలో హైడ్రజన్ పెరాక్సైడ్ ఉంది. పాలీఫినాల్ పోషక ద్రవంలో తనంతట తానే ఆక్సీకరణ చెంది పెరాక్సైడ్ పుట్టిస్తుందని బారీ హాలివెల్ బృందం 2000లోనే ప్రచురించింది. చదవకుండా ప్రయోగానికి దిగినందుకు నాకు శాస్తి జరిగింది. ఆలోచించండి: ముందుగా పుట్టిన ఆ కాస్త పెరాక్సైడే కణాలను కంగారుపెట్టి, తర్వాత పోసే పెద్ద మోతాదుకు సిద్ధం చేసి ఉండవచ్చు. అప్పుడు మనం పళ్లెంలో చూసిన రక్షణ డిస్కులో కూడా దొరుకుతుందని ఏ ఆధారంతో అంటాం? అందుకే ద్రవంలో కాటలేజ్ కలిపిన సరిపోల్చే పళ్లెం లేని పరిశోధనా పత్రాన్ని నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

జంతువుల మీద జరిగే ప్రయోగాల్లో ఎక్కువగా ఎలుక తోకలోని డిస్కును సూదితో పొడిచి, క్షీణించనిచ్చి, మందు ఇచ్చి చూస్తారు. ఎలుక డిస్కులో పెద్దయ్యాక కూడా పిండదశ నాటి నోటోకార్డ్ కణాలు మిగిలి ఉంటాయి. మనిషిలో అవి బాల్యంలోనే దాదాపు కనుమరుగవుతాయి. తోక మన నడుములా బరువూ మోయదు. ఎలుక డిస్కు చిన్నది కాబట్టి పోషకం ప్రయాణించాల్సిన దూరమూ చాలా తక్కువ.

ఆ దూరమే అసలు చిక్కు. నోట్లో వేసుకున్న కర్కుమిన్‌లో పేగు దాటేది చాలా కొద్ది. దాటినదానికి పేగు గోడ, కాలేయం వెంటనే గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో అతికిస్తాయి. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే కర్కుమిన్ జీవలభ్యత, అంటే రక్తంలోకి చేరే వంతు, 2000 శాతం పెరిగిందని చూపారు. ఈ అంకె ప్రకటనల్లో తెగ తిరుగుతుంది. కానీ అది దాదాపు శూన్యం నుంచి పెరిగిన పెరుగుదల. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆ అతికిన గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాలకు రుణావేశం ఉంటుంది. డిస్కు ముద్ద నిండా రుణావేశమేనని ఇందాక చెప్పుకున్నాం. ఒకే ఆవేశాలు వికర్షించుకుంటాయి కదా. డిస్కులో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఏ యాంటీబయాటిక్ లోపలికి వెళుతుందో చూసిన వైద్యులకు ఇది కొత్త కాదు. ధనావేశం ఉన్న జెంటామైసిన్ న్యూక్లియస్‌లోకి బాగా ఇంకుతుంది, రుణావేశం ఉన్న సెఫాలోస్పోరిన్లు అంతగా ఇంకవు. కాబట్టి పళ్లెంలో మనం పోసిన కర్కుమిన్ ఒక అణువైతే, డిస్కు గుమ్మం దాకా వచ్చేది ఎక్కువగా మరో అణువు, ఆ గుమ్మం కూడా దాన్ని వెనక్కి నెట్టేదే. అందుకే ఇప్పుడు చాలామంది హైడ్రోజెల్‌లోనో, నానో కణాల్లోనో పెట్టి నేరుగా డిస్కులోకి ఎక్కించే దారి వెతుకుతున్నారు. ఆ దారిలోనూ, సూదితో పీచు వలయాన్ని గుచ్చడమే క్షీణతకు కారణం కావచ్చన్న భయం ఉంది. ఎలుకలో మనం క్షీణతను తెచ్చిపెట్టేది ఆ సూదితోనే కదా!

మాత్రలు మింగితే నష్టమేమిటని చాలామంది అడుగుతారు. మొక్కల్లోనూ దొరికే బీటా కెరోటిన్‌ను ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరీక్షలో ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చేసరికి, అది మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. విటమిన్ ఇ మీద జరిగిన మరో పెద్ద పరీక్షలో, 2011 నాటికి, ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా తేలింది. ఇవి డిస్కు పరీక్షలు కావు, మోతాదులూ ఆహారంలోవి కావు. పండ్లూ కూరగాయలూ తినడానికి వీటిని అడ్డంగా చూపేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ పెరాక్సైడ్ కణానికి ఒక సంకేతం కూడా. దాన్ని ఊడ్చిపారేయడమే మేలన్న ఊహ తప్పని అవి గట్టిగానే చెప్పాయి. ఈనాటికి ఏ మొక్క రసాయనమూ మనిషి డిస్కు క్షీణతను ఆపుతుందని రుజువు కాలేదు.

దీనికి మరో సంగతి తోడవుతుంది. క్షీణించిన డిస్కులన్నీ నొప్పి పెట్టవు. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేనివారిలోనే, 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్ల వయసులో 96 శాతం మందికి స్కాన్‌లో డిస్కు క్షీణత కనిపిస్తుంది. కాబట్టి ఏదైనా రసాయనం స్కాన్ బొమ్మను బాగుచేసినా, మనిషి నొప్పి తగ్గిందా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. ఇక కణాలకు హాని చేసేవాటి సంగతికొస్తే, 1991లో ఫిన్లాండ్‌లోని ఏకరూప కవలల్లో పొగతాగే తోబుట్టువుల నడుము డిస్కుల్లో క్షీణత సగటున 18 శాతం ఎక్కువగా కనిపించింది. జన్యువులు ఒకటే కాబట్టి తేడా జన్యువుల వల్ల వచ్చిందనడానికి వీల్లేదు. మృదులాస్థి పలక అవతలున్న కేశనాళికలు చెడితే లోపలి కణానికి వేరే దిక్కు లేదు. నా దగ్గరికి ఏ గుళికలు కొనాలో అడగడానికి వచ్చి, జేబులో సిగరెట్ పెట్టెతో నిలబడేవారికి నేను చెప్పేది ఈ కవలల సంగతే.

నేను చూడాలనుకుంటున్న ప్రయోగం ఒకటుంది. అది ఖరీదైనదేమీ కాదు. వయసుమళ్లిన మనుషుల డిస్కు కణాలను పళ్లెం అడుగున పరిచినట్టు కాకుండా జెల్‌లో గుండ్రంగా పెంచాలి. ఆక్సిజన్ 2 నుంచి 5 శాతం, గ్లూకోజ్ తక్కువ, పీహెచ్ 6.8 దగ్గర ఉంచాలి. కర్కుమిన్‌ను కాక, రక్తంలో నిజంగా తిరిగే కర్కుమిన్ గ్లూకురోనైడ్‌ను, ఒక మైక్రోమోలార్ దాటకుండా వేయాలి. ద్రవంలో కాటలేజ్ ఉండాలి. పెరాక్సైడ్‌ను ఒక్కసారి గుమ్మరించకుండా, వారాల తరబడి కొద్దికొద్దిగా పుట్టించే ఎంజైమ్‌తో అందించాలి. అప్పుడు కూడా ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, ఆగ్రెకాన్ నిలిచి, ఎంఎంపీ-13 తగ్గితే, ఇందాక చెప్పిన పేచీలో సగం నేను వెనక్కి తీసుకుంటాను. ఏమీ జరగకపోతే, ఆ ఫలితాన్ని కూడా ఎవరైనా ప్రచురించాలి.

మీ ప్రశ్నలు అడగవచ్చు.